వయోవృద్ధుల ఆరోగ్యబీమా – ప్రభుత్వ నియంత్రణ: పరిధి, పరిమితులు

వ్యాససంగ్రహం:

భారతదేశంలో అరవై ఏండ్లు దాటినవారికి ప్రైవేటు సంస్థలు అందించే ఆరోగ్యబీమాపై నియంత్రణ ఎలా విస్తరించిందో, ఎక్కడ ఆగిపోయిందో ఈ వ్యాసం వివరిస్తుంది. బీమా ధరను అదుపుచేసే అధికారం ఒకచోట, ఆ ధరకు మూలమైన వైద్యవ్యయాన్ని అదుపుచేసే అధికారం మరొకచోట ఉండటమే ఈ నియంత్రణకు ప్రధాన పరిమితి అని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆరోగ్యబీమా, వయోవృద్ధులు, ప్రీమియం, నియంత్రణ, అంబుడ్స్‌మన్.

1. ఉపోద్ఘాతం:

ప్రభుత్వరంగ సాధారణ బీమా సంస్థలు 1986లో ‘మెడిక్లెయిమ్’ పాలసీని ప్రవేశపెట్టాయి. 1999 నాటి చట్టం బీమారంగంలోకి ప్రైవేటు సంస్థలకు దారి తెరిచి, వాటిపై పర్యవేక్షణకు బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థకు చట్టబద్ధత కల్పించింది. ఈ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది. వయసు పెరిగేకొద్దీ వైద్యావసరం పెరుగుతుంది. బీమా సంస్థకు నష్టభయమూ పెరుగుతుంది. అందువల్ల రక్షణ అత్యంత అవసరమైన దశలోనే పాలసీ దొరకడం కష్టమవుతుంది. వయోవృద్ధుల విషయంలో ప్రభుత్వ జోక్యానికి ఇదే హేతువు.

2. ప్రవేశం – కొనసాగింపు:

ఆరోగ్య పాలసీలలో సాధారణంగా కనీసం 65 ఏండ్ల వయసు వరకు ప్రవేశం కల్పించాలని 2016 నిబంధనలు నిర్దేశించాయి. 2024 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త నిబంధనలలో ఈ వయోపరిమితి ప్రస్తావన లేదు. అన్ని వయసులవారికీ పాలసీలు అందుబాటులో ఉంచాలన్నది వాటి ఆశయం. ఈ మార్పును ‘నిషేధం తొలగింపు’గా భావించడం సరికాదు. 65 ఏండ్లు దాటినవారికి పాలసీ ఇవ్వరాదని పాత నిబంధన చెప్పలేదు. అలాగే దరఖాస్తు చేసిన ప్రతి ఒక్కరికీ పాలసీ ఇచ్చితీరాలని కొత్త నిబంధనా చెప్పడం లేదు. ఆరోగ్యస్థితిని పరిశీలించి నిర్ణయించే స్వేచ్ఛ సంస్థకు ఇప్పటికీ ఉంది.

పాలసీ పొందినవారికి మాత్రం రక్షణ బలపడింది. పూర్వవ్యాధులకు వేచివుండవలసిన గరిష్ఠకాలం 48 నెలల నుంచి 36 నెలలకు తగ్గింది. 60 నెలలు నిరంతరాయంగా ప్రీమియం చెల్లించినవారి క్లెయిమ్‌ను, మోసం రుజువైతే తప్ప, వివరాలు దాచారన్న కారణంతో తిరస్కరించరాదు. గతంలో క్లెయిమ్ చేశారన్న కారణంతో పునరుద్ధరణను నిరాకరించరాదు.

3. ధరపై నియంత్రణ:

పాలసీని పునరుద్ధరించే హక్కు ఉన్నా, ప్రీమియం కట్టలేనివారికి ఆ హక్కు కాగితం మీదనే మిగులుతుంది. ఈ సమస్యను గుర్తించిన నియంత్రణ సంస్థ 2025 జనవరి 30న ఒక ఆదేశం జారీచేసింది. దాని ప్రకారం వయోవృద్ధుల ప్రీమియాన్ని ఏడాదికి 10 శాతానికి మించి పెంచదలచినా, వారికోసం ఉద్దేశించిన వ్యక్తిగత పాలసీలను ఉపసంహరించదలచినా, బీమా సంస్థ ముందుగా నియంత్రణ సంస్థను సంప్రదించాలి.

ఇది విలువైన రక్షణే. కాని ఇది పెంపు వేగానికి పరిమితి, ధరకు పరిమితి కాదు. రూ. 40,000 ప్రీమియం ఏటా 10 శాతం చొప్పున పెరిగితే ఏడేండ్లలో దాదాపు రూ. 78,000 అవుతుంది. పింఛను ఆ వేగంతో పెరగదు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 18 శాతం జి.ఎస్.టి. రద్దయింది. అది ఒకసారి లభించే ఊరట మాత్రమే. పెరుగుదలకు మూలమైన కారణాన్ని అది తాకదు.

4. అధికార విభజన:

ఆ మూలకారణం ఆసుపత్రి బిల్లు. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో ‘బీమా’ కేంద్రజాబితాలోని 47వ అంశం. ‘ఆసుపత్రులు’ రాష్ట్రజాబితాలోని 6వ అంశం. బీమా నియంత్రణ సంస్థ బీమా సంస్థను ఆదేశించగలదు గాని, ఆసుపత్రి ఛార్జీని నిర్ణయించలేదు. 70 ఏండ్లు దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా 2024 అక్టోబరులో విస్తరించిన ఆయుష్మాన్ భారత్ పథకంలో చికిత్సల ప్యాకేజీ ధరలను ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. ప్రైవేటు బీమాలో అటువంటి ఏర్పాటు లేదు. ఉమ్మడిగా ఆసుపత్రులను ఎంపికచేసుకొని ప్యాకేజీ ధరలు కుదుర్చుకోవాలని 2025 ఆదేశం బీమా సంస్థలకు సూచించడం ఈ లోటును అంగీకరించడమే. చికిత్సవ్యయం పెరుగుతూ ప్రీమియం పెంపు పరిమితమైనప్పుడు, సంస్థలు కొత్త దరఖాస్తులను ఎక్కువగా తిరస్కరించే, లేదా బిల్లులో కొంతభాగాన్ని కో-పే రూపంలో పాలసీదారుపై మోపే అవకాశం ఉంది.

5. ఫిర్యాదు పరిష్కారం:

క్లెయిమ్ తిరస్కృతమైతే మొదట సంస్థకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలరోజులలో సమాధానం రాకపోయినా, వచ్చినది తృప్తికరంగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. తెలుగు రాష్ట్రాలకు ఈ కార్యాలయం హైదరాబాదులో ఉంది. రుసుము లేదు, న్యాయవాది అవసరం లేదు, రూ. 50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఉంది. అంబుడ్స్‌మన్ తీర్పు బీమా సంస్థ పాటించితీరవలసినది. అయితే పాలసీ పత్రాలు ఎక్కువగా ఆంగ్లంలోనే ఉండటంవల్ల, తిరస్కరణకు చూపిన షరతు ఏమిటో అర్థంకాని వృద్ధులు ఈ దశకు చేరడమే కష్టం.

6. ముగింపు:

వయోవృద్ధుల ఆరోగ్యబీమాపై నియంత్రణ ప్రవేశం నుంచి కొనసాగింపుకు, అక్కడి నుంచి ధరకు క్రమంగా విస్తరించింది. తరువాతి అడుగు బీమా నియంత్రణ సంస్థ ఒక్కటే వేయగలిగినది కాదు. ఆసుపత్రి ఛార్జీల విషయంలో రాష్ట్రాలు తమ అధికారాన్ని వినియోగించినప్పుడే 10 శాతం పరిమితి వృద్ధులకు నిజమైన రక్షణ కాగలదు.