తడిచేతికి కరెంటు ఎందుకు అంత గట్టిగా కొడుతుంది?

"మా మోటారు స్టార్టరు ముట్టుకుంటే కాస్త జివ్వుమంటుందండీ, అలవాటైపోయింది" అనే రైతులు మన ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో కనిపిస్తూనే ఉంటారు. నిన్న జివ్వుమనిపించి వదిలేసిన ఆ స్టార్టరే రేపు ప్రాణం తీయవచ్చు.

ఎలాగంటారా? మిద్దెమీద నీళ్లతొట్టి ఎంత ఎత్తున ఉంటే కుళాయిలో నీటికి అంత తోపు. కరెంటుకు ఆ తోపే వోల్టేజి. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు. ప్రవాహాన్ని అడ్డుకునే గుణం నిరోధం, దాన్ని ఓములలో కొలుస్తారు. వోల్టులను ఓములతో భాగిస్తే ప్రవహించే కరెంటు ఆంపియర్లలో వస్తుంది. 1827లో జర్మనీ దేశస్థుడు ఓమ్ ప్రకటించిన ఈ సూత్రం హైస్కూల్లో మనమంతా చదివి మరిచిపోయినదే.

పొడిచర్మం నిరోధం ఒక్కొక్కప్పుడు లక్ష ఓముల దాకా ఉంటుంది. అప్పుడు ఒంట్లో పారేది 2.3 మిల్లీ ఆంపియర్లు. జివ్వుమంటుంది, అంతే. చెయ్యి తడిసి, ఒళ్లంతా చెమటపట్టి, వట్టి కాళ్లతో తడినేల మీద నిలబడితే నిరోధం వెయ్యి ఓములకు దిగిపోవచ్చు. ఇప్పుడు లెక్క వేయండి: 230 మిల్లీ ఆంపియర్లు! స్టార్టరు అదే, వోల్టేజి అదే.

10 మిల్లీ ఆంపియర్లు దాటితేనే కండరాలు బిగుసుకుపోతాయి. "కరెంటు పట్టేసింది" అంటామే, నిజానికి తీగెను వదలనిది మన పిడికిలే. 50, 100 దాటితే గుండె లయ తప్పి ఊరికే వణుకుతుంది, రక్తం పారదు. ఇంట్లో ఫ్యూజు ఉందిగదా అని ధీమా వద్దు. 5 ఆంపియర్ల ఫ్యూజు ఇంత స్వల్ప కరెంటుకు కాలదు. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజికే తెగిపోయే ఆర్.సి.సి.బి. పెట్టించండి, సరైన ఎర్తు వేయించండి. తడిబట్టలు ఆరేసే దండేనికి ఇనుపతీగె మాని ప్లాస్టిక్ తాడు కట్టుకోండమ్మా.

ఎవరికైనా షాక్ తగిలితే తొందరపడి ముట్టుకోకండి. ముందు మెయిను ఆపండి. వీలుకాకపోతే పొడి చెక్కమీద నిలబడి, ఎండిన కర్రతో తీగెను తప్పించండి. ఉదయగిరి కొయ్యగరిటెలు చేసే కొయ్యలా బాగా ఎండినదై ఉండాలి. అప్పుడే విరిచిన పచ్చికొమ్మలో నీరుంటుంది, దాన్ని నమ్మరాదు. తెగిపడింది 11,000 వోల్టుల లైను అయితే ఏ కర్రా పనికిరాదు. దూరంగా ఉండి సబ్‌స్టేషనుకు కబురు చేయండి.

కరెంటు తప్పించాక మనిషికి ఊపిరి లేకపోతే 108కి ఫోను చేయించి, రొమ్ము నడుమ రెండు అరచేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతున గట్టిగా నొక్కుతూ ఉండండి. నీళ్లు చల్లడం, మట్టిలో పూడ్చడం వద్దు. తేరుకుని లేచి కూర్చున్నా ఆసుపత్రికి తీసుకురండి, ఇ.సి.జి. తీయాలి. పైకి చిన్న కాలినమచ్చే ఉన్నా లోపల కండరం దెబ్బతిని ఉండవచ్చు. మూత్రం కాఫీరంగుకు తిరిగితే మూత్రపిండాలకు ముప్పు. గంట కూడా ఆగకండి.