జీసీసీ ఉంది, కానీ ఎక్కడుంది?

సీ ల్యాబ్ మొదలయ్యాక ఫస్టియర్ వాళ్ల దగ్గర ఎక్కువగా వినిపించే మాట: "జీసీసీ ఇన్‌స్టాల్ చేశాను, అయినా రావట్లేదు." ఆ కమాండ్‌ని గుర్తుపట్టలేదని స్క్రీన్ మీద ఇంగ్లీషులో పడగానే, కోడింగ్ మనవల్ల కాదులే అనుకునేవాళ్లూ ఉన్నారు. నిజానికి ఆ మెసేజ్ మన తెలివి గురించి కాదు, ఒక అడ్రస్ గురించి.

టెర్మినల్‌లో జీసీసీ అని కొడితే షెల్ కంప్యూటర్ అంతా వెతకదు. ‘పాత్’ అనే లిస్టులో ఉన్న ఫోల్డర్లను మాత్రమే వరసగా చూస్తుంది. అక్కడ లేకపోతే చేతులెత్తేస్తుంది. (కమాండ్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. టైప్ చేయాల్సింది ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లోనే.)

ఉబుంటు: ముందు ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’, తర్వాత ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ బిల్డ్-ఎసెన్షియల్’. పాస్‌వర్డ్ కొడుతుంటే ఏమీ కనిపించకపోవచ్చు, కంగారు పడొద్దు. జీసీసీ, జీ++, మేక్ అన్నీ ఒకేసారి వస్తాయి. పాత్‌లో ముందే ఉన్న ఫోల్డర్‌లోకే చేరతాయి కాబట్టి ఇంకే పనీ ఉండదు.

మాక్: ‘ఎక్స్‌కోడ్-సెలెక్ట్ --ఇన్‌స్టాల్’. సీ ల్యాబ్ కోసం గిగాబైట్ల కొద్దీ ఉండే పూర్తి ఎక్స్‌కోడ్ అక్కర్లేదు. ఇక్కడ జీసీసీ అని పిలిస్తే పలికేది ఆపిల్ వాళ్ల క్లాంగ్. ల్యాబ్ ప్రోగ్రామ్‌లకు అది చాలు.

విండోస్: అసలు తిప్పలు ఇక్కడే. రెండు దారులున్నాయి. మొదటిది, అడ్మినిస్ట్రేటర్‌గా పవర్‌షెల్ తెరిచి ‘డబ్ల్యూఎస్ఎల్ --ఇన్‌స్టాల్’ కొట్టి, రీస్టార్ట్ చేయడం. విండోస్ లోపలే ఉబుంటు వస్తుంది. అందులో పైన చెప్పిన ఉబుంటు కమాండ్లే. రెండోది ఎంసిస్2. దాని ప్యాక్‌మ్యాన్‌తో జీసీసీ తెచ్చుకున్నా పని సగమే అయినట్టు. సీ డ్రైవ్‌లో ఎంసిస్64, దాని లోపల యూసీఆర్‌టీ64, దాని లోపల బిన్: ఈ ఫోల్డర్ అడ్రస్‌ని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లోని పాత్‌కి మనమే కలపాలి. తర్వాత పాత విండో మూసి కొత్తది తెరవాలి, ఎందుకంటే పాత విండో దగ్గర పాత లిస్టే ఉంటుంది.

చివరగా ‘జీసీసీ --వెర్షన్’ కొట్టండి. నంబర్ వస్తే అయిపోయినట్టే. విండోస్‌లో ఎంసిస్2 పెట్టుకున్నవాళ్లకు రాకపోతే, మళ్లీ డౌన్‌లోడ్ చేసి డేటా ఖర్చు పెట్టేముందు ఆ బిన్ ఫోల్డర్ తెరిచి చూడండి. ఫైల్ అక్కడుంటే తప్పు పాత్‌ది. లేకపోతే ఇన్‌స్టాలే పూర్తి కాలేదు. రెండిట్లో ఏదైనా పది నిమిషాల పనే.