మీకు తెలుసా? మోటారు నీళ్లను లాగదు!

బావి మీద మోటారు గుయ్యిమని తిరుగుతూనే ఉంటుంది, గొట్టంలోంచి మాత్రం చుక్క రాదు. "గాలి పట్టింది, నీళ్లు పొయ్యి" అంటాడు పక్క పొలం రైతు. నీళ్లు పోసి, గాలి పోయాక బిరడా బిగించి మళ్లీ స్విచ్ వేస్తే అదే మోటారు కాలువ నిండా పారిస్తుంది. పంపు కావలసినంత వేగంగానే తిరుగుతున్నా, ముందుగా నీళ్లు పోస్తే తప్ప ఎందుకు ఎత్తదో తెలుసా?

ఏ పంపూ నీటిని పైకి లాగలేదు. సక్షన్ పైపులో ఒత్తిడి తగ్గించడం వరకే దాని పని. ఆ తర్వాత బావిలోని నీటిని పైపులోకి నెట్టేది మన చుట్టూ ఉన్న గాలి. సముద్రమట్టం దగ్గర ఆ గాలి ఎంత గట్టిగా నెట్టినా నీరు ఆ పైపులో 10.3 మీటర్లకు, అంటే దాదాపు 34 అడుగులకు మించి లేవదు. హార్స్‌పవర్ పెంచినా ఆ హద్దు జరగదు. ఎత్తైన ఊళ్లలో గాలి బరువే తక్కువ కాబట్టి హద్దు ఇంకా కిందికి దిగుతుంది. హైదరాబాద్‌లో అది 9.7 మీటర్ల దగ్గర ఉంటే, హార్స్‌లీ కొండల మీద తొమ్మిదికి కూడా రాదు. పైపులో ఒరిపిడి, నీటి ఆవిరి కూడా తమ వాటా తీసుకుంటాయి కనుక వాడుకలో ఏడు మీటర్లు అందితే మంచి పంపే. పాత వ్యవసాయ బావుల్లో లోపలి గోడకు అరుగు కట్టి, ఎండాకాలం నీరు దిగేకొద్దీ మోటారును కూడా కిందికి దించుకునేది ఇందుకే.

ఈ హద్దు గెలీలియో అంతటివాడికీ చిక్కుముడి అయింది. 1638లో అచ్చయిన తన పుస్తకంలో ఆయన ఈ సంగతి రాశాడు కానీ, నీటి స్తంభం తన బరువుకు తానే తెగిపోతుందని అనుకున్నాడు. ఆయన శిష్యుడు టారిచెల్లి నీటి బదులు పాదరసం తీసుకున్నాడు. 1643 నాటి ఆ ప్రయోగంలో పాదరసం గాజు గొట్టంలో 76 సెంటీమీటర్ల దగ్గర నిలిచింది. పాదరసం నీటికంటే 13.6 రెట్లు బరువు. ఆ రెండంకెలనూ గుణిస్తే మన బావి హద్దు సరిగ్గా వస్తుంది!

మరి నీళ్లు పోయడం దేనికి? మనం పొలంలో వాడే మోటారు పంపు లోపల రెక్కల చక్రం తిరుగుతూ, తన మధ్యలో ఉన్నదాన్ని అంచుకు విసురుతుంది. విసిరేది ఎంత బరువుగా ఉంటే మధ్యలో అంతగా ఒత్తిడి తగ్గుతుంది. గాలి నీటికంటే సుమారు 800 రెట్లు తేలిక. నీటిని 20 మీటర్ల ఎత్తుకు నెట్టగల పంపు ఉందనుకోండి. దాని పొట్టలో గాలి మాత్రమే ఉంటే, సక్షన్ పైపులో నీటిని అది లేపేది రెండున్నర సెంటీమీటర్లు! చక్రం తిరుగుడులో లోపం ఏమీ లేదు, దానికి పట్టు దొరకలేదంతే.

పోసేటప్పుడు తొందర పనికిరాదు. కరెంటు ఆపి, పంపు మీది బిరడా విప్పి, బుడగలు ఆగేదాకా సన్నధారగా పోయాలి. షాఫ్టును చేత్తో రెండు చుట్లు తిప్పితే మూలల్లో దాగిన గాలి బయటికొస్తుంది, మళ్లీ పోయాలి. పోసిన నీళ్లు నిలవకుండా దిగిపోతుంటే, సక్షన్ పైపు అడుగున ఉండే ఫుట్ వాల్వులో పుల్లో, ఆకో ఇరుక్కుందని అర్థం. నీళ్లు నిలిచి, కాసేపు నడిచాక ఆగిపోతుంటే మాత్రం సక్షన్ వైపు ఎక్కడో సందు ఉంది. ఈ రకం లీకు కంటికి దొరకదు, ఎందుకంటే మోటారు నడిచేటప్పుడు అక్కడ నీరు బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. మోటారు నీళ్లు ఎత్తుతుండగానే వెలిగించిన అగరుబత్తి ఒక్కో జాయింటు దగ్గర పట్టుకోండి, పొగ ఎక్కడ లోపలికి వంగితే సందు అక్కడే. నీళ్లు లేకుండా మోటారును నడవనిస్తే సీలు మాడిపోతుంది. ఆ ఖర్చు ముందు అగరుబత్తి ఎంత!

సెల్ఫ్ ప్రైమింగ్ మోటార్లకు కూడా మొదటిసారి నీళ్లు పోయాల్సిందే. ఆ తర్వాత అవి కొంత నీటిని పొట్టలో నిలవ ఉంచుకుని, దాంతోనే గాలిని బయటికి తోస్తాయి. చెరువులోంచి నీరు తీసుకునే అగ్నిమాపక వాహనానికైతే, పెద్ద పంపులోని గాలి తీయడానికే వేరే ఏర్పాటు ఉంటుంది.

పైన సిలిండరు ఉన్న పాతకాలపు చేతి పంపులో చెంబెడు నీళ్లు పోసేది మరో కారణానికి. ఎండిన తోలు వాషరు తడిసి ఉబ్బి, గోడకు అంటుకోవాలి. ఊళ్లలో మనం బోరింగు అని పిలిచే ఇండియా మార్క్ 2 పంపుకు ఆ అవసరం లేదు. 1970లలో యూనిసెఫ్ తోడ్పాటుతో రూపొందిన ఈ పంపులో సిలిండరు భూమి లోపల నీటిలోనే మునిగి ఉంటుంది.

సైకిలు పంపులోనూ ఉండేది గిన్నె ఆకారపు వాషరే. పిడి లాగినప్పుడు దాని అంచు ముడుచుకుని గాలిని ముందుకు వదులుతుంది, నొక్కినప్పుడు విచ్చుకుని దారి మూస్తుంది. గాలి ఎక్కకపోతే కొత్త పంపు కొనేముందు ఆ తోలుకు రెండు చుక్కల నూనె పట్టించి చూడండి. పంపు అడుగు వేడెక్కేది చాలావరకు రాపిడి వల్ల కాదు, లోపల గాలి ఇరుకున నలగడం వల్ల.

ఇక బోర్లలో నీరు వందల అడుగుల లోతుకు పోతే, పైన కూర్చున్న మోటారు ఏం చేయగలదు? సబ్‌మెర్సిబుల్‌ను నీటిలోకే దించి కిందినుంచి నెట్టిస్తారు. అది ఎప్పుడూ మునిగే ఉంటుంది కాబట్టి పోసే పని లేదు. కంప్రెసర్ బోరు దారి వేరు. సన్నటి గొట్టంలో గాలిని బోరు లోపలికి పంపితే, ఆ బుడగలు కలిసిన నీరు తేలికై పైకి పొంగుకొస్తుంది. బోరులో తిరిగే భాగమే లేదు కనుక ఇసుక వచ్చినా అరిగేదేమీ ఉండదు, మెకానిక్ పైనుంచే బాగుచేసుకోవచ్చు. కరెంటు మాత్రం ఎక్కువ తాగుతుంది. పైగా గాలి గొట్టం చివర నీటిలో బాగా లోతుగా మునిగి ఉండాలి. నీటిమట్టం ఆ గొట్టం దాకా పడిపోయిందంటే పైకి వచ్చేది వట్టి గాలే.