'మాయ'లో ఏముండాలి?

ఢిల్లీ సౌత్ బ్లాక్‌లోని రక్షణ శాఖ కంప్యూటర్లలో విండోస్ స్థానంలోకి 'మాయ' అనే దేశీయ ఆపరేటింగ్ సిస్టమ్ రానుందని 2023 ఆగస్టులో వార్తలు వచ్చాయి. ఉబుంటు లైనక్స్ పునాదిగా డీఆర్‌డీవో, సీడాక్, ఎన్‌ఐసీ కలిసి దీన్ని రూపొందించాయి. అంతకు తొమ్మిది నెలల ముందే సైబర్ దాడితో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు కుప్పకూలాయి. అక్కడ రోజుల తరబడి పనులు కాగితాల మీదే సాగాయి. ఆ నేపథ్యంలో మార్పు అవసరమే. అయితే విండోస్‌ను తొలగించినంత మాత్రాన భద్రత సమకూరదు. సిస్టమ్‌తో పాటే కంప్యూటర్లోకి ఏయే ప్రోగ్రాములు వస్తున్నాయన్నదే కీలకం.

2024 మార్చిలో బయటపడిన 'ఎక్స్‌జెడ్' ఉదంతమే ఇందుకు నిదర్శనం. ఫైళ్లను కుదించే ఈ చిన్న సాఫ్ట్‌వేర్ దాదాపు ప్రతి లైనక్స్‌లోనూ ఉంటుంది. దాని నిర్వాహకుల నమ్మకాన్ని రెండేళ్లకు పైగా కూడగట్టుకున్న ఓ అజ్ఞాత వ్యక్తి 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొడ్డిదారి పెట్టాడు. అది దూరం నుంచి లాగిన్ అయ్యేందుకు వాడే ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌లోకి తెరుచుకుంది. నిజానికి ఆ సర్వర్‌కు ఎక్స్‌జెడ్‌తో పనే లేదు. కొన్ని లైనక్స్ రకాల్లో అదనపు సౌకర్యం కోసం కలిపిన లంకె ముప్పు తెచ్చింది. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు కూపీ లాగబట్టి గండం గడిచింది.

అలాగని అన్నీ తీసేస్తే మరో చిక్కు. పీడీఎఫ్ రీడరు, తెలుగు, హిందీ ఫాంట్లు, ప్రింటర్ డ్రైవర్లు లేకపోతే ఉద్యోగి వాటిని పెన్‌డ్రైవ్‌లో బయటి నుంచి తెచ్చుకుంటాడు. కంచె దాటడానికి మనమే దారి చూపినట్లవుతుంది. సీడాక్ తయారీ 'బాస్' లైనక్స్ వాడే ప్రభుత్వ సిబ్బందిపై పాకిస్థాన్‌తో సంబంధమున్న ఏపీటీ36 ముఠా పీడీఎఫ్‌ల్లా కనిపించే షార్ట్‌కట్ ఫైళ్లతో వల విసిరినట్లు 2025లో సైబర్ నిపుణులు గుర్తించారు. దేశీయమన్న ముద్ర ఆ వలను ఆపలేదు.

కాబట్టి జాబితాలోని ప్రతి ప్రోగ్రామ్‌కూ మూడు ప్రశ్నలు వేయాలి. ఎవరికి అవసరం? లోపం బయటపడితే ఎవరు, ఎన్ని రోజుల్లో సరిచేస్తారు? తీసేస్తే ఏ పని ఆగుతుంది? జవాబు దొరకనిది పునాదిలో ఉండకూడదు. జవాబు ఉన్నవాటినీ ఏటా మళ్లీ పరీక్షించాలి. ఆ శ్రద్ధ లేకపోతే 'మాయ' పేరుకే మిగిలిపోతుంది.