కారులో తెర ఆరిపోతే ఆబిడ్స్ దాకా ఓ నడక

పాట వినిపిస్తుంది, స్టేషన్ పేరు కనిపించదు. రివర్స్ గేరు వేస్తే బీప్ మోగుతుంది కానీ వెనక గోడను చూపాల్సిన తెర మాత్రం నల్లగా ఉంటుంది. కొన్నేళ్లు ఎండలో తిరిగిన కార్లకు ఇది మామూలుగా వచ్చే జబ్బే. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే తరచూ వినిపించే మాట, 'సెట్టు మొత్తం మార్చాలి సార్' అని. లోపలి బోర్డు, ట్యూనర్, ఆంప్లిఫయర్ అన్నీ నిక్షేపంలా ఉన్నా తెర పోయిందని వాటినీ పారేయాలన్నమాట. స్క్రూడ్రైవర్ పట్టడం తెలిసి, ఒక పూట ఓపిక పట్టగలిగిన వాళ్లకు హైదరాబాద్‌లో ఇంతకంటే చవకైన దారి ఉంది.

ఆ దారి ఆబిడ్స్ మీదుగా వెళ్తుంది. ఈ పేటకూ రేడియోకూ పాత చుట్టరికమే. ఆబిడ్స్, నాంపల్లి మధ్యనున్న చిరాగ్ అలీ లేన్‌లో 1930ల మొదట్లో తంతి తపాలా శాఖ ఉద్యోగి ఒకాయన సొంతంగా ఓ చిన్న ప్రసార కేంద్రం నడిపారు. తర్వాత అది నిజాం సర్కారు చేతికి వెళ్లింది. 1935 ఫిబ్రవరి 3న 200 వాట్ల శక్తితో దక్కన్ రేడియోగా మాట్లాడటం మొదలుపెట్టి, 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల రిపేరు అనగానే నగరవాసికి గుర్తొచ్చేది జగదీశ్ మార్కెట్. సెల్‌ఫోన్ల తెరలు, బ్యాటరీలు, రిబ్బన్లు, వాటిని భూతద్దం కింద పెట్టి అతికించే కుర్రాళ్లు, అన్నీ ఆ ఇరుకు సందుల్లోనే. విడి భాగాల కోసం ఇంకాస్త ముందుకు నడిస్తే కోఠిలో గుజరాతీ గల్లీ ఉంటుంది.

అయితే సంచీ పట్టుకుని బయల్దేరే ముందు ఇంట్లోనే తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. అసలు పోయింది ఏమిటి? మనం తెర అనుకునేది నిజానికి కొన్ని వస్తువుల దొంతర. బొమ్మను చూపే ఎల్‌సీడీ పలక, దాని వెనక వెలిగే ఎల్‌ఈడీలు, పైన వేలు తాకే టచ్ గాజు, ఇవన్నీ బోర్డుకు కలిపే సన్నటి రిబ్బన్. వీటిలో ఏది చెడినా యజమాని నోట వచ్చేది ఒకే మాట, 'డిస్‌ప్లే పోయింది' అని. కొనాల్సిన సరుకు మాత్రం ఒక్కోసారీ వేరు.

ఎల్‌సీడీకి సొంత వెలుగు ఉండదు. అందుకే చీకట్లో సెట్టు ఆన్ చేసి, తెర మీద టార్చి ఏటవాలుగా వేసి చూడాలి. లీలగా అక్షరాలు కనిపిస్తే పలక బతికే ఉన్నట్టు, వెనక దీపమే ఆరిపోయినట్టు. పట్టపగలు తెర మసకగా ఉంటే, ముందు హెడ్‌లైట్లు ఆపి చూడాలి. చాలా కార్లలో లైట్లు వేయగానే తెర వెలుగును తగ్గించమని సెట్టుకు ఒక వైరు చెబుతుంది. డిమ్మర్ చక్రం ఎవరి చెయ్యో తగిలి కిందికి తిరిగి ఉన్నా ఇదే లక్షణం. రిపేరే అక్కర్లేని రిపేరు ఇది. గీతలు గీతలుగా అక్షరాలు మాయమై, అంచున కొంచెం నొక్కితే తిరిగొస్తుంటే అది కాంటాక్టు లోపం. పాత సెట్లలో గాజుకూ బోర్డుకూ మధ్య జీబ్రా పట్టీ అనే రబ్బరు ముక్క ఉంటుంది. దాన్ని తీసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పెడితే చాలాసార్లు గీతలు పోతాయి. బొమ్మ బాగుండి వేలు ఒకచోట పెడితే ఇంకోచోట పని జరుగుతుంటే, మార్చాల్సింది టచ్ గాజు ఒక్కటే.

ఇంకా పాత సెట్లలో నీలి ఆకుపచ్చ రంగులో అంకెలు వెలిగేవి వేరే జాతి. అవి తమంతట తామే వెలుగుతాయి, ఏళ్లు గడిచేకొద్దీ మందగిస్తాయి. వాటికి చికిత్స లేదు, అదే నంబరుది ఇంకో సెట్టులోంచి ఊడదీసి టంకం వేయాల్సిందే.

తెర నల్లబడ్డంత మాత్రాన తప్పు తెరదే అనుకోకూడదనడానికి పెద్ద ఉదాహరణ టెస్లాది. 2021 ఫిబ్రవరిలో ఆ కంపెనీ అమెరికాలో సుమారు 1,35,000 మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లను వెనక్కి పిలిపించింది. మధ్యలో ఉండే భారీ తెర ఆరిపోయి, వెనక కెమెరా కూడా కనిపించకుండా పోవడం ఫిర్యాదు. విచారిస్తే దొరికింది పలకలో లోపం కాదు, 8 జీబీ మెమరీ చిప్పు. రాసి చెరిపి, రాసి చెరిపి అది అరిగిపోయింది. అలాంటి జబ్బుకు ఎన్ని పలకలు మార్చినా లాభం లేదు.

మన దగ్గర ప్రధాన నిందితుడు ఎండ. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 2018లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, వంద ఫారెన్‌హీట్, అంటే 38 డిగ్రీలు దాటిన రోజున ఎండలో గంటసేపు నిలిపిన కారు డ్యాష్‌బోర్డు సగటున 69 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. హైదరాబాద్ మే నెలలో 38 డిగ్రీలంటే వార్త కూడా కాదు. ఆ వేడికి టచ్ గాజు కింది జిగురు సడలుతుంది, పొరల మధ్య బుడగలు లేస్తాయి, తెర అంచులు పచ్చబడతాయి.

రోగం పలకదో టచ్‌దో అని తేలితే పని సులువే. బ్యాటరీ నెగటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగాలి. కొన్ని కార్లలో కరెంటు పోయాక సెట్టు కోడ్ అడుగుతుంది, అది ముందే వెతికి పెట్టుకోకపోతే బాగుపడ్డ తెర మీద మొదట కనిపించేది ఆ ప్రశ్నే. చుట్టూ ఉన్న ఫ్రేమును ప్లాస్టిక్ బద్దతో లేపాలి, ఇనుప స్క్రూడ్రైవర్ పెడితే గీతలు పడతాయి. లోపల స్క్రూలు విప్పితే సెట్టు ముందుకొస్తుంది. కప్లర్లు ఊడదీసే ముందు ఫోన్లో ఫోటో తీసుకోవడం అలవాటు చేసుకోవాలి. పసుపు రంగు కప్లర్ కనిపిస్తే మాత్రం చెయ్యి పెట్టొద్దు. ఆ రంగు ఎయిర్‌బ్యాగులది.

పలక విడిగా చేతికొచ్చాక కారు ఇంట్లోనే ఉండొచ్చు. పలకను గుడ్డలో చుట్టుకుని మెట్రోలో నాంపల్లి స్టేషన్‌లో దిగితే ఆబిడ్స్ నడిచే దూరమే. పైగా జనవరి 1 నుంచి ఆరేడు వారాలు అక్కడ నుమాయిష్ ప్రదర్శన నడిచే రోజుల్లో సాయంత్రం పూట నాంపల్లికి కారు తేవడం ఎవరికీ సలహా ఇవ్వదగ్గ పని కాదు. ఆదివారం అసలే వద్దు. ఆ రోజు చాలా షాపుల షట్టర్లు దించి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలుంటాయి. తెర కోసం వెళ్లినవాడు నవలతో తిరిగొస్తాడు.

కౌంటరు దగ్గర కారు పేరు చెబితే పెద్దగా ఉపయోగం ఉండదు. అదే మోడల్‌లో ఏడాదికో రకం పలక వేసి ఉండొచ్చు. పలక వెనక స్టిక్కరు మీది నంబరే అసలు చిరునామా. షార్ప్ పలకైతే అది తరచూ ఎల్‌క్యూ అని మొదలవుతుంది. వెంటనే 065 అని ఉంటే కొలత ఆరున్నర అంగుళాలు, 070 అని ఉంటే ఏడు. టచ్ గాజుకైతే పొడవు వెడల్పులతో పాటు రిబ్బన్ ఏ వైపు నుంచి వస్తుంది, దానికి ఎన్ని పిన్నులు అన్నవీ సరిపోవాలి. పెన్ను మూతతో నొక్కినా పనిచేసేది ఒక రకం, వేలికే పలికేది ఇంకో రకం. రెండూ చూడటానికి ఒకేలా ఉన్నా ఒకదాని బదులు ఒకటి నడవదు. "భయ్యా, వెలిగించి చూపించి ఇవ్వు" అని అడగడానికి మొహమాటపడక్కర్లేదు. ఒరిజినలా, కాపీయా అన్న ప్రశ్నకు జవాబు మాటల్లో కంటే పక్కనుంచి చూసినప్పుడు రంగులు ఎంత మారుతున్నాయన్న దాంట్లో దొరుకుతుంది.

విడి భాగాలు, మరమ్మతు సమాచారం వాహనదారుకు అందాలన్న వాదన ఢిల్లీ దాకా వెళ్లింది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో దీనిపై కమిటీ వేసి, అదే ఏడాది డిసెంబరు 24న రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది. సెల్‌ఫోన్లు, గృహోపకరణాలు, వ్యవసాయ యంత్రాలతో పాటు వాహనాలూ అందులో ఉన్నాయి. వారంటీ ఇంకా మిగిలి ఉన్న కారైతే మాత్రం సెట్టు విప్పకుండా ముందు కంపెనీ గుమ్మం తొక్కడమే తెలివి.

తిరిగి బిగించేటప్పుడు చెడేది ఎక్కువగా రిబ్బనే. దాన్ని పట్టి ఉంచే చిన్న తాళం గోటితో లేపాలి, రిబ్బన్ తిన్నగా దూర్చాలి, తాళం దించాలి. బలవంతంగా తోస్తే పిన్నులు చిట్లుతాయి. గాజు అతికించే ముందు, స్క్రూలు ఒక్కటీ బిగించకుండానే సెట్టును కప్లర్లకు తగిలించి వెలిగించి చూడాలి. బొమ్మ తలకిందులుగా లేదు కదా, టచ్ నాలుగు మూలలా పలుకుతోందా అన్నవి అప్పుడే తేలాలి. వేలికీ గుర్తుకూ మధ్య తేడా ఉంటే సెట్టింగుల్లో కాలిబ్రేషన్ చేస్తే సరిపోతుంది. పలక మాత్రమే మారింది, బోర్డు పాతదే. అందుకే కోడ్ అడిగితే పాత కోడే పనిచేస్తుంది, స్టీరింగు మీది బటన్లకు కొత్తగా ఏమీ నేర్పనక్కర్లేదు. చివరగా హ్యాండ్‌బ్రేకు లాగి, రివర్స్ గేరు వేసి వెనక కెమెరా కూడా ఒకసారి చూసుకున్నాకే ఫ్రేము నొక్కాలి.