బీరువాలో ఎంత పట్టును?

నాగర్‌కర్నూలు జిల్లా కోడేరులోని రైతు తన పొలము వివరములు చూచుకొనవలెనన్న, వెనుకటివలె పట్వారీ ఇంటి అరుగుమీద కూర్చుండి దస్త్రము మూట విప్పువరకు వేచియుండ నక్కరలేదు. 2020 అక్టోబరు 29న ధరణియు, 2025 ఏప్రిల్ 14న దానికి బదులుగా భూభారతియు వచ్చినవి. సర్వే నంబరు ఇచ్చినచో వివరము తెరమీదికి వచ్చును. మరి అంతవరకు ఆ వివరము ఎక్కడ నున్నది? ‘క్లౌడ్’లో నున్నదని చదువుకొన్న పిల్లలు చెప్పుదురు. మేఘమేమియు లేదు. ఇటువంటి లెక్కలన్నియు ఏదో ఒక డేటా సెంటరులో, ఇనుప బీరువాలో, ఒక పలకమీద నుండును.

ఇట్టి బీరువాల ఇండ్లు మనకు కొత్తవి కావు. హైదరాబాదుకు చెందిన కంట్రోల్ ఎస్ సంస్థ 2007లోనే పుట్టినది. 2022 మార్చిలో మైక్రోసాఫ్ట్ వారు హైదరాబాదులో తమ కేంద్రములను నెలకొల్పుదుమని ప్రకటించిరి. ఆ ఏడే నవంబరులో అమెజాన్ వారు తమ హైదరాబాదు కేంద్రములను ప్రారంభించిరి. 2025 అక్టోబరులో గూగుల్ వారు విశాఖపట్టణమునకు ఐదేండ్లలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చింతుమనిరి. ఇంత ధనము పోసి కొను సామగ్రి ఎట్టిది, దాని మంచిచెడ్డలు ఎట్లు ఎంచవలెను అన్నది శ్రోతలు తెలిసికొనదగిన సంగతి.

ఈ బీరువాను ‘ర్యాక్’ అందురు. వెడల్పు 19 అంగుళములు. ఎత్తును 1.75 అంగుళముల అరలుగా లెక్కింతురు. సాధారణముగా 42 అరలుండును. చోటుకు అద్దె, చల్లదనమునకు ఖర్చు ఉన్నవి కావున, అమ్మకందారులందరును చెప్పు మాట ఒక్కటే: మా పెట్టెలో ఎక్కువ పట్టును.

పట్టుననుట నిజమే. 1956లో ఐ.బి.ఎం. వారి ‘రామాక్’ యంత్రపు నిల్వ పెట్టెలో 50 పెద్ద పళ్లెములుండెడివి. బరువు ఇంచుమించు ఒక టన్ను. పట్టిన అక్షరములు 50 లక్షలు. నేడు అరచేతిలో ఇముడు హార్డ్ డిస్కు కిలో బరువైనను ఉండదు. 24 టెరాబైట్లు పట్టును. పుటకు ఒక మెగాబైటు చొప్పున 2 కోట్ల 40 లక్షల పుటలన్నమాట. అట్టి డిస్కులు 102 ఇముడు పెట్టెలు కలవు. అవి ఆక్రమించునది నాలుగు అరలే.

అయితే చిక్కు ఇక్కడనే మొదలగును. నిండిన పెట్టె నూరు కిలోలు దాటును. పది పెట్టెలు పేర్చినచో టన్నుకు పైమాట; నేల ఓర్చవలెను గదా! డిస్కులు నిమిషమునకు 7,200 మార్లు తిరుగును. నూటరెండు ఒక్కచోట తిరిగినపుడు ఒకదాని అదురు మరొకదాని చదువును చెరచును. ఇంతకన్న ముఖ్యమైనది మరమ్మతు కాలము. ఒక డిస్కు చెడినచో దానిలోని 24 టెరాబైట్లను కొత్త డిస్కుపై తిరిగి వ్రాయవలెను. సెకనుకు 250 మెగాబైట్ల వేగముతో, ఆపకుండ వ్రాసినను 26 గంటల 40 నిమిషములు పట్టును. నడుమ వచ్చువారి పనియు చూడవలెను గనుక ఇంకను ఎక్కువే. ఆ లోపల తోడు డిస్కులు చెడినచో? కోడేరు రైతు పాసుపుస్తకము గతి ఏమి?

అందుకే సమాచారమును 17 ముక్కలు చేసి, గణితముచే మరి 3 ముక్కలు కల్పించి, 20 చోట్ల దాచు పద్ధతి యున్నది. ఏ 17 దొరికినను మొత్తము తిరిగి వచ్చును. కాని ఆ ఇరువదియు ఒకే పెట్టెలో పెట్టినవాడు దాచినవాడు కాడు. పెట్టె ఎంత పెద్దదైన, అది చెడిన నాటి నష్టము అంత పెద్దది. ధర పట్టికలలో ఈ వరుస కానరాదు.

తిరుగు భాగములు లేని సాలిడ్ స్టేట్ డ్రైవులు మరొక జాతి. కొలబద్దవలె సన్నని డ్రైవులు 32 ఒక్క అరలో నిలుచును, ఒక్కొక్కటి 61.44 టెరాబైట్ల చొప్పున, అర ఒక్కంటికి 1,966 టెరాబైట్లు. హార్డ్ డిస్కు కోరిన చోటు ముల్లు క్రిందికి వచ్చుటకు సగటున నాలుగు మిల్లీసెకన్లు తిరుగుటకే పోవును. సెకనుకు నూరు, రెండు నూర్ల వెదకులాటలు చేయుట గగనము. డ్రైవు లక్షలు చేయగలదు. అయితే టెరాబైటు ఒక్కంటికి వెల అనేక రెట్లు. అతి సాంద్రమైన రకము తరచు చెరిపి వ్రాసిన త్వరగా అరుగును.

మన పల్లెలలో నిత్యము వండు జొన్నలు గుమ్మిలో నుండెడివి, ఏటికి సరిపడునవి పాతరలో నుండెడివి. పాతర తెరచి, లోపలి చెడుగాలి పోవువరకు ఆగి దిగవలెను. నిత్యము అడుగు భూమి లెక్క డ్రైవుకు తగును. మా వంటివారి పాత నాటకములు, పాటలు హార్డ్ డిస్కులో నుండవచ్చును. చెడిన నాటికి కావలసిన మారుప్రతి టేపుపై, మరొక ఊరిలో నుండుట మేలు. 2021 నాటి ఎల్.టి.ఓ.-9 టేపు చుట్ట 18 టెరాబైట్లు పట్టును; వాడనప్పుడు విద్యుత్తు అడుగదు. పాత టేపు ఒకటి వెదకుటకు పూటంతయు పట్టిన రోజులు నాకు గుర్తున్నవి. అయినను టేపును నేను తీసివేయను.

ఇక లెక్కలు చేయు సర్వర్లు. రెండు అరలలో నాలుగు సర్వర్లు ఇమిడ్చి, ఫ్యానులు, విద్యుత్ పెట్టెలు ఉమ్మడిగా పెట్టుదురు. పొదుపే, ఉమ్మడిది చెడిన నాలుగును కూలును. వేడి అన్నిటికన్న పెద్ద సమస్య. మామూలు బీరువాకు 5 నుండి 10 కిలోవాట్లు చాలును. 2024లో ఎన్‌విడియా వారు ప్రకటించిన 72 చిప్పుల బీరువాకు దాదాపు 120 కావలెను. అనగా రెండు కిలోవాట్ల గీజర్లు అరువది ఒక్క బీరువాలో వేసినట్లు. గాలి చాలదు, చిప్పును అంటిన లోహపు పలకలోనుండి ద్రవము పారించుచున్నారు. ఎండాకాలమున నలుబది డిగ్రీలు దాటు మన సీమలో ఆ వేడిని బయట పారవేయుట మరొక ఖర్చు. నీటిని ఆవిరి చేసి చల్లార్చు పద్ధతి అయినచో ఆ నీరు ఏ ఊరి వాటానుండి వచ్చునో ముందే అడుగవలెను.

కావున కొనువారు మొదట చూడవలసినది పెట్టెను కాదు, గదిని. గది బీరువాకు 8 కిలోవాట్లే ఇవ్వగలిగినచో, అతి సాంద్రమైన సర్వర్లు నాలుగైదు అరలు నిండగానే విద్యుత్తు అయిపోవును. తక్కిన అరలు ఖాళీగా నుండును. వానికిని అద్దె కట్టవలెను.