రుజువు కాని చికిత్స – ప్రజాధనము

నయము కాని వ్యాధితో బాధపడు మనిషి "ఈ చికిత్స నాకేల ఇప్పింపరు?" అని అడిగినపుడు, "దాని గుణమింకను రుజువు కాలేదు" అని ప్రభుత్వము బదులిచ్చుట కఠినముగా తోచును. ఆ కాఠిన్యమునకు కారణమేమో కెనడా దేశమున జరిగిన ఒక ఉదంతము మూలమున పరిశీలింతము.

మల్టిపుల్ స్క్లిరోసిస్ అను వ్యాధి మెదడునకును వెన్నుపామునకును సంబంధించినది. నరముల తంతువులను కప్పియుండు కొవ్వుపొరను శరీర రక్షణశక్తియే దెబ్బతీయును. అందువలన నడకయు, చూపును, చేతి పట్టును సన్నగిల్లును. తరచుగా ఇది యౌవనముననే ఆరంభమగును. ఈ వ్యాధి హెచ్చుగా గల దేశములలో కెనడా యొకటి.

ఇటలీలోని ఫెరారా విశ్వవిద్యాలయ వైద్యుడు పావొలో జంబోని, మెడలోను ఛాతీలోను గల సిరలు ఇరుకగుటకును ఈ వ్యాధికిని సంబంధము గలదని ప్రతిపాదించెను. సిరలోనికి చిన్న బుడగను పంపి వెడల్పు చేయుట ఆయన చికిత్స. 65 మందికి అట్లు చేసి, ఫలితములను 2009లో ప్రకటించెను. కాని చికిత్స పొందని వారితో పోల్చి చూడలేదు. ఆ యేడు నవంబరులో కెనడా టెలివిజనులో ఈ వార్త వెలువడగనే ఎందరో రోగులలో ఆశ చిగురించెను.

2010 ఆగస్టులో సమావేశమైన నిపుణులు, ఆధారములు చాలవు గనుక అప్పటికి ప్రయోగమునకు సైతము ధనమీయరాదని ఏకగ్రీవముగా సలహా ఇచ్చిరి. కేంద్ర ప్రభుత్వము అంగీకరించెను. రోగులు ఆగ్రహించిరి. అనేకులు సొంత ఖర్చుతో పోలండు, మెక్సికో, కోస్టారికా, భారతదేశము మొదలగు చోట్లకు పోయి చికిత్స చేయించుకొనిరి. కొందరు తేలికపడితిమనిరి. కోస్టారికాలో చికిత్స పొందిన ఒక కెనడా రోగి, పిదప కలిగిన ఉపద్రవములచే 2010లో మరణించెను.

2011లో ప్రభుత్వము ప్రయోగమునకు మాత్రము సమ్మతించెను. 104 మందిని చేర్చుకొని, 49 మందికి సిరలు వెడల్పు చేసిరి. 55 మందికి అన్ని లాంఛనములు జరిపిరి గాని సిరను వెడల్పు చేయలేదు. ఎవరికేది జరిగెనో రోగికి గాని పరీక్షించు వైద్యునికి గాని తెలియదు. 48 వారములు గడచిన పిమ్మట చూడగా ఇరువర్గములకును గణనీయమైన భేదము లేదని 2017లో తేలినది. జంబోని స్వయముగా నడిపిన పరీక్షయు ఆ యేడే, ఈ చికిత్సను సిఫారసు చేయజాలమని ముగిసెను.

అట్లయిన తేలికపడితిమన్న రోగులు అబద్ధమాడిరా? కాదు. ఈ వ్యాధి అనేకులలో హెచ్చుచు తగ్గుచు నుండును. హెచ్చినపుడే మనిషి చికిత్సకై పరుగిడును; పిదప సహజముగా తగ్గినను ఆ ఘనత చికిత్సకే చెందును. ఆశయు కొంత బలమిచ్చును. ఈ మూడింటిని వేరుచేసి చూపగలది పోల్చి చూచు పరీక్ష యొక్కటే.

ప్రజాధనము పరిమితమైనది. గుణము లేని చికిత్సకు వెచ్చించిన ప్రతి రూపాయియు గుణము గల మందునకు కరవగును. అయినను నిరాకరణతోనే ప్రభుత్వ ధర్మము తీరదు. రోగికి కాలమే ఆస్తి. ఆశ పుట్టినపుడు దానిని త్వరగా పరీక్షింపజేయుటయు ప్రభుత్వపు విధియే. కెనడా రోగులు ఆ ఫలితమునకై ఏడేండ్లకు పైగా వేచియుండవలసి వచ్చెను.

ప్రసారవృత్తిలో నున్న మేము శ్రోతలకు విన్నవించునది యొక్కటి. కొత్త చికిత్సను గూర్చి మా నోట విన్నను, మరెవరి నోట విన్నను, ఎందరిపై పరీక్షించిరి, ఎవరితో పోల్చిరి, ఎంతకాలము చూచిరి అని అడుగుడు. బదులు దొరకువరకు పొలము తాకట్టు పెట్టకుడు.